వైయాకరణుడు ఆంద్రేస్ బేయో

స్పానిషు భాష నేర్చువారికి మొదటి యేటనే ఒక చిక్కు తారసిల్లును. 'అబ్లార్' అనగా మాట్లాడుట. దానినుండి 'నేను మాట్లాడితిని' అను అర్థమున 'అబ్లే' అను భూతకాల రూపము వచ్చును. చివరనున్న 'ఆర్' తొలగి దాని స్థానమున 'ఏ' చేరును. సూత్రము తేటగా నున్నది. బాలుడు సంతోషించును. కాని 'సకార్' అను క్రియను, అనగా వెలికి తీయుటను, అదే సూత్రము ననుసరించి వ్రాయబోయినంతనే ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా అడ్డు తగులును. 'సకార్' లో 'సి' అను అక్షర మున్నది గదా. 'సకే' అను రూపములో ఆ 'సి' పోయి 'క్యు', 'యు' అను రెండక్షరములు రావలెను. 'పగార్', అనగా చెల్లించుట, 'పగే' యగునపుడు 'జి' ప్రక్కన పలుకని 'యు' ఒకటి వచ్చి కూర్చుండవలెను. 'క్రుసార్', అనగా దాటుట, 'క్రుసే' యగునపుడు 'జెడ్' పోయి 'సి' రావలెను. ఈ మూడింటను చెవికి వినబడు హల్లు ఇసుమంతయు మాఱలేదు. మాఱినది కంటికి కనబడు అక్షరమే.

కారణము రోమను లిపిలో నున్నది. ఆ లిపిలో 'సి' అను అక్షరము అ, ఒ, ఉ అను అచ్చులకు ముందు కకారమువలె పలుకును. ఎ, ఇ అను అచ్చులకు ముందు సకారమువలె పలుకును. స్పెయిను దేశపు పెక్కు ప్రాంతములలో ఈ రెండవ ధ్వని ఇంగ్లీషు 'థింక్' లోని మొదటి ధ్వనికి దగ్గఱగా నుండును. 'జి' సంగతియు నిట్టిదే. అ, ఒ, ఉ లకు ముందు గకారము. ఎ, ఇ లకు ముందు కంఠమునుండి వచ్చు హకారము. కాబట్టి 'సకార్' లోని కకారమును 'సకే' లో నిలుపుకొనవలెనన్న 'సి' ని వదలి వేఱొక అక్షరము నాశ్రయింపక తప్పదు. మన లిపిలో నీ బాధ లేదు. 'క' కు ఏ గుణింతము చేర్చినను అది కకారమే. క, కి, కె, కొ అని చదువుకొనిన మన పిల్లలకు ఇది యొక సమస్య యనియే తోచదు. ఇతరుల యిక్కట్టు చూచినప్పుడు గాని మన గుణింతము విలువ మనకు తెలియదు.

అక్షరము మాఱినది గనుక 'సకార్' నియమము తప్పిన క్రియయా? లేక ధ్వని మాఱలేదు గనుక నియమబద్ధమైన క్రియయేనా? ఈ ప్రశ్నకు ఖండితముగా సమాధానము చెప్పిన వైయాకరణుడు ఆంద్రేస్ బేయో. ఆయన ఇంటిపేరున రెండు 'ఎల్' లు వరుసగా వ్రాయబడును. తెలియనివారు బెల్లో అని చదువుదురు. ఆయన జన్మభూమిలో వాని ఉచ్చారణము యకారమే. వర్ణక్రమమునకును ఉచ్చారణమునకును గల వైరమును తీర్ప బూనిన పండితుని పేరులోనే ఆ వైరము కొంత దాగియుండుట వింతగా నున్నది.

బేయో 1781 వ సంవత్సరము నవంబరు 29 వ తేదీన కరకాస్ నగరమున జన్మించెను. నేటి వెనెజ్వెలా అప్పుడు స్పెయిను రాజునకు లోబడిన సీమ. తండ్రి బర్తోలొమే బేయో న్యాయవాది, సంగీతజ్ఞుడు. తల్లి ఆనా ఆంతోనియా లోపెస్. ఇల్లు ఒక క్రైస్తవ మఠమునకు చేరువగా నుండుట బాలునకు కలిసివచ్చెను. ఆ మఠమున క్రిస్తోబల్ దె కెసాదా అను సన్యాసి గొప్ప లాటిను పండితుడు. ఆయన చెంత బేయో లాటిను నేర్చెను. వర్జిలు మహాకవి కావ్యమును గురుశిష్యు లిరువురును కలిసి చదువుచుండగనే 1796 లో గురువు గతించెను. గురువు పోయినను చదువు పోలేదు. 1800 లో కరకాస్ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొనెను. ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలను తనకు తానుగ సాధించెను. ఆ యేడే జర్మను శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ కరకాస్ నగరమును ఆనుకొని యున్న పర్వతము నెక్కబోగా, పదునెనిమిదేండ్ల బేయో వెంట నడచెను. శరీరము దుర్బలమగుటచే శిఖరమువఱకు పోజాలక మధ్యముననే ఆగిపోయెను. అప్పటికే ఆయన పాఠములు చెప్పి జీవించుచుండెను. శిష్యులలో ఒకడు తనకంటె రెండేండ్లు కూడ చిన్న గాని సిమోన్ బొలీవర్. దక్షిణ అమెరికాలో అయిదు దేశములకు స్వాతంత్ర్యము సాధించి పెట్టిన వీరుడు ఇతడే.

1802 లో బేయో ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగము పొందెను. 1808 లో కరకాస్ కు మొట్టమొదటి అచ్చుయంత్రము వచ్చి 'గసేతా దె కరకాస్' అను పత్రిక వెలువడగా దానికి ఆయనయే సంపాదకుడు. పగలు ప్రభుత్వపు లేఖలు, రాత్రి వ్యాకరణము. ఈ రాత్రుల ఫలమే స్పానిషు క్రియల కాలములను గుఱించిన ఆయన విచారణ. ముప్పది యేండ్లు నిండని యొక గుమాస్తా, పుస్తకములు అరుదుగా దొరకు ఊరిలో నుండి, లాటిను వ్యాకరణమునుండి అరువు తెచ్చిన కాలనామములు తన భాషకు సరిపడవని గుర్తించెను. ఒక్కొక్క కాలమును వక్త మాటలాడు క్షణముతో దానికి గల సంబంధమునుబట్టియే నిర్వచింపవలెనని ఆయన మతము. మాటలాడు క్షణమునకు ముందైన పని యొకటి. ఆ ముందైన పనితో పాటు జరుగుచుండిన పని యొకటి. ఆ ముందైన పనికి తరువాత జరుగబోవు పని వేఱొకటి. మొదటిదానికి భూతమనియు, రెండవదానికి సహభూతమనియు, మూడవదానికి భూతోత్తరమనియు అర్థము వచ్చునట్లు పేరులు పెట్టెను. పేరు విన్నంతనే ప్రయోగము తెలియును. మెక్సికో పాఠశాలల వ్యాకరణములలో నేటికిని ఈ పేరులే వాడుకలో నున్నవి. మనకును ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతసూత్రములలోనే వెలసినది గదా. తన భాషను ఇంకొక భాష అద్దములో చూచుకొనుట వైయాకరణులకు దేశమున కొక తీరుగ నున్న అలవాటే. దానిని వదలించుకొనవలెనని ఆ చిన్న వయసుననే తలంచినవాడు బేయో.

ఆ వ్రాతప్రతి అచ్చుపడుటకు ముప్పది యేండ్లు పట్టెను. ఏలనన, 1810 లో దేశము కదలబాఱెను. ఏప్రిలు నెలలో కరకాస్ ప్రముఖులు స్పెయిను అధికారిని తొలగించి తమ సభ నేర్పఱచుకొనిరి. ఇంగ్లండు సహాయము నర్థించుటకు ముగ్గురిని లండనుకు పంపిరి. బొలీవర్, లోపెస్ మెందెస్, మూడవవాడు ఇంగ్లీషు వచ్చిన బేయో. జూను నెలలో ఓడ నెక్కునపుడు కొన్ని నెలలలో తిరిగి వత్తుననియే ఆయన తలంచి యుండును. కాని కరకాస్ ను ఆయన మరల చూడలేదు. తల్లిని మరల చూడలేదు.

బొలీవర్ కొన్ని వారములకే మరలిపోయెను. బేయో నిలిచిపోయెను. విప్లవకారుడు మిరాందా తన యింటిని, అందలి గ్రంథాలయమును విడిచిపోగా, బేయో అందే నివసించి గ్రీకు భాషను అభ్యసించెను. 1812 లో వెనెజ్వెలా మొదటి గణతంత్రము కూలెను. జీతము పంపువారు లేరైరి. ఇక పందొమ్మిదేండ్ల లండను జీవితమున అధికభాగము దారిద్ర్యమే. స్పానిషు పాఠములు చెప్పెను. ధనికుల బిడ్డలకు ఇంటి గురువుగా నుండెను. బెంథాము అను న్యాయతత్త్వవేత్త వ్రాతలు బ్రహ్మలిపివలె నుండగా, వానిని విడదీసి చదివి పెట్టు పనికి కూడ ఒప్పుకొనెను. 1814 లో మేరీ ఆన్ బోయ్‌లండ్ అను ఆమెను వివాహమాడెను. 1821 లో ఆమె క్షయవ్యాధితో మరణించెను. తరువాత ఇసబెల్ డన్ ను పెండ్లాడెను. ఇరువురు భార్యలవలన కలిగిన పదునైదుగురు బిడ్డలలో పలువురు ఆయన కన్నుల యెదుటనే గతించిరి. వీనికి తోడు ఒక అపనింద. 1810 లో విప్లవకారుల రహస్యమును స్పెయిను అధికారులకు తెలిపినవాడు బేయో యని శత్రువులు పుట్టించిన మాట సముద్రములు దాటి ఆయనను వెంబడించెను. అది అసత్యమని చరిత్రకారులు తరువాత తేల్చిరి. కాని బ్రతికినన్నాళ్ళు అది ఆయన మనస్సున ముల్లువలె నుండెను.

ఇట్టి దినములలో ఆయన ప్రతిదినము బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమునకు పోయి కూర్చుండెడివాడు. చలికాలమున అచట కాచుకొనుటకు వెచ్చదనము, చదువుకొనుటకు పుస్తకము రెండును ఉచితముగ దొరకినవి కాబోలు. మధ్యయుగపు స్పానిషు వీరకావ్యమైన సిద్ కావ్యమును అచ్చటనే పరిశోధింప నారంభించెను. ఆ పరిశోధనము చచ్చువఱకు సాగినది. అచ్చుపడినది ఆయన పోయిన పదునాఱేండ్లకు, 1881 లో. శతాబ్దముల నాటి వ్రాతలను వరుసగా చూచినవానికి ఒకటి బోధపడక మానదు. వర్ణక్రమము దైవదత్తము కాదు. ఒకే మాటను ఒక్కొక్క తరము ఒక్కొక్క తీరున వ్రాసినది. స్పెయినులో రాజాస్థాన భాషాపరిషత్తు 1713 లో ఏర్పడి క్రమముగ ఈ కలవరమును సరిదిద్దుచు వచ్చెను. 1815 లో ఆ పరిషత్తే 'క్వాందో' మొదలగు మాటలలో 'క్యు' ను తీసివేసి 'సి' ని నిలిపెను; పలుకని 'యు' తో కూడిన 'క్యు' ను ఎ, ఇ లకు ముందు మాత్రమే ఉండనిచ్చెను. అంతవఱకు వచ్చినవారు ఇంకొంచెము ముందుకు పోరాదా యని బేయో ప్రశ్న.

1823 లో లండనునుండియే 'బిబ్లియోతెకా అమెరికానా' అను పత్రికను, గార్సియా దెల్ రియో అను కొలంబియావానితో కలిసి, బేయో వెలువరించెను. అమెరికాలోని స్పానిషు భాషకు వర్ణక్రమమును సులభము చేయుటను గుఱించి ఇరువురును వ్రాసిన వ్యాస మందున్నది. దానిని వారు రెండు మెట్లుగా నిర్మించిరి. ఆ నిర్మాణమును కొంచెము నిదానించి చూడవలెను; బేయో బుద్ధి సూక్ష్మత అందే యున్నది.

మొదటి మెట్టున, హకారధ్వని గల చోట్ల నెల్ల 'జి', 'ఎక్స్' లకు బదులు 'జె' వ్రాయవలెను. అచ్చుగా పలుకు 'వై' కి బదులు 'ఐ' వ్రాయవలెను. పలుకని 'ఎచ్' ను తీసివేయవలెను. సకారముగా పలుకు 'సి' కి బదులు 'జెడ్' వ్రాయవలెను. 'క్యు' వెంట నుండు మూగ 'యు' ను వెడలగొట్టవలెను. ఇట్లు కొంతకాలము గడచిన పిమ్మట రెండవ మెట్టు. అప్పుడు కకారముగా పలుకు 'సి' కి బదులు ఎల్లెడల 'క్యు' వ్రాయవలెను. 'జి' ప్రక్కన నుండు మూగ 'యు' ను కూడ తీసివేయవలెను. రెండు మెట్లేల? 'సి' కి రెండు ధ్వనులుండగా ఒక్కసారి రెండింటిని మార్చినచో పాత పుస్తకములు చదువువారు తికమకపడుదురు. మొదట దాని సకారధ్వనిని తొలగించి జనులచే మఱపించి, పిదప మిగిలిన ధ్వనిని తొలగింపవచ్చును. వైద్యుడు మందును విడతలుగ ఇచ్చినట్లున్నది.

ఇప్పుడు మన మూడు క్రియలను మరల చూతము. మొదటి మెట్టుతోనే 'క్రుసార్', 'క్రుసే' రెండును 'జెడ్' తోనే వ్రాయబడును. రెండవ మెట్టుతో 'సకార్', 'సకే' రెండును 'క్యు' తోనే, 'పగార్', 'పగే' రెండును ఒంటి 'జి' తోనే వ్రాయబడును. 'అవెరిగ్వార్', అనగా విచారించి తెలిసికొనుట, 'అవెరిగ్వే' యగునపుడు 'యు' మూగది కాదని తెలుపుటకు దాని నెత్తిపై రెండు చుక్కలు పెట్టుదురు. మూగ 'యు' యే లేనినాడు ఆ చుక్కల పనియు లేదు. భూతకాలమున బాలుని బాధించు అక్షరమార్పు లన్నియు మంచువలె విడిపోవును. అబ్లార్, అబ్లే అను సూత్రమొకటి నేర్చినవానికి మిగిలినవి నేర్పనక్కఱలేదు.

పలుకని 'ఎచ్' ను గుఱించి ఒక మాట. 'అబ్లార్' అను మాటయే ఆ లిపిలో 'ఎచ్' తో మొదలగును. ఎవ్వరును దానిని పలుకరు. లాటిను మూలములో నుండిన ఒక వర్ణమునకు ఇది సమాధిరాయి. మన అరసున్నయు నట్టిదే గదా. ఉపాధ్యాయులు దానికొఱకు పిల్లల మార్కులు తెగగోసిన కాలమొకటి కలదు. మాట చరిత్రను నిలుపునది గనుక ఉంచవలెననువారు ఒకరు, నోటలేనిది చేతి కెందుకనువారు ఒకరు. బేయో రెండవ పక్షము. మాట పుట్టుపూర్వోత్తరములు పండితులకు కావలెను. బడి కెక్కు కోట్లాది జనులకు కావలసినది చదువు త్వరగా వచ్చుట. స్వాతంత్ర్యము వచ్చిన దేశములో చదువురాని జనులే అధికమైనచో ఆ స్వాతంత్ర్యము ఎవరిదని ఆయన తలంపు.

1822 నుండి చిలీ రాయబార కార్యాలయమునను, 1825 నుండి కొలంబియా రాయబార కార్యాలయమునను ఆయనకు కార్యదర్శి పదవి దొరకెను. జీతము సరిగా వచ్చుట మాత్రము అరుదు. పూర్వశిష్యుడైన బొలీవర్ అప్పుడు మహాధికారమున నుండెను. గురువునకు ఆతడు వేళకు చేయవలసిన సాయము చేయలేదనియే నా యభిప్రాయము. 1829 లో బేయో చిలీ ప్రభుత్వపు ఆహ్వానము నంగీకరించి ఓడ నెక్కెను. అట్టివానిని పోనీయరాదని బొలీవర్ ఆత్రపడి వ్రాసిన లేఖ ఆలస్యమైనది. అదే యేడు జూను 25 న బేయో వాల్పరాయిసో రేవున దిగెను. వయస్సు నలువది యేడు. దేశము క్రొత్తది, బంధువు లెవ్వరును లేరు.

అచ్చట ఆయన చేసిన పనులను వరుసగా చెప్పుట కిది చోటు కాదు. 1830 నుండి 'ఎల్ అరౌకానో' పత్రికలో వ్రాసెను. 1837 లో సెనేటరయ్యెను. అంతర్జాతీయ ధర్మశాస్త్రమును వ్రాసెను. చిలీ సివిలు న్యాయస్మృతిని ఇంచుమించు తానొక్కడే రచించెను. అది 1855 లో శాసనమై 1857 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. ఎక్వదోర్, కొలంబియా మొదలగు దేశములు దానిని స్వీకరించెను. 1864 లో ఎక్వదోర్ కు, అమెరికా సంయుక్త రాష్ట్రములకు వచ్చిన తగవులో మధ్యవర్తి కూడ ఆయనయే. 1843 సెప్టెంబరు 17 న చిలీ విశ్వవిద్యాలయము ప్రారంభము కాగా మొదటి అధ్యక్షుడై మరణించువఱకు ఆ పదవిలో నుండెను.

1841 లో వాల్పరాయిసోలో, కరకాస్ రాత్రుల నాటి ఆ కాలవిచారణము తుద కచ్చుపడెను. 1847 లో అమెరికనుల ఉపయోగముకొఱకై కాస్తిలియను భాషావ్యాకరణము వెలువడెను. మనము మొదట వేసిన ప్రశ్నకు సమాధానము ఈ గ్రంథమున నున్నది. ఒక క్రియ నియతమా, అనియతమా యని తేల్చుటకు వ్రాసిన అక్షరములను గాక పలికిన ధ్వనులను చూడవలెనని బేయో శాసించెను. ఆ శాసనమున 'సకార్', 'పగార్', 'క్రుసార్' నియత క్రియలే. వానికి అంటిన దోషము లిపిది గాని భాషది కాదు. 'తెనెర్', అనగా కలిగియుండుట, 'తూవె' యగుట నిజమైన అనియతము. అచట ధాతువే రూపు మాఱినది. 'అసెర్', అనగా చేయుట, ఈ రెండు చిక్కులును కలసిన క్రియ. 'నేను చేసితిని' అనుటకు 'ఈసె'. ధాతువులోని అచ్చు మాఱినది గనుక అనియతము. 'అతడు చేసెను' అనుటకు 'ఈసో'. ఇచట సకారమును కాపాడుటకు 'సి' పోయి 'జెడ్' వచ్చును. మొదటిది భాషాతత్త్వము, రెండవది వ్రాయసకాని యేర్పాటు. ఈ రెండింటిని ఒకే పట్టికలో గ్రుచ్చి బాలుని ముందు పెట్టు పాఠ్యపుస్తకములు నేటికిని కలవు.

ఇంకొక తెగ కలదు. 'లెఎర్' అనగా చదువుట. 'నేను చదివితిని' అనుటకు 'లెఈ'. 'అతడు చదివెను' అనుటకు నియమానుసారముగ 'లెఇఓ' రావలెను, వచ్చునది 'లెయో'. ఊనిక లేని ఇకారము రెండచ్చుల నడుమ చిక్కి యకారమైనది. ఊనిక గల 'లెఈ' లో ఇకారము చెక్కుచెదరలేదు. ఇది లిపి చేసిన మాయ కాదు. నోటిలోనే జరిగిన మార్పు. యణాదేశసంధి చదివిన మన విద్యార్థికి ఇది పరిచితమే. అతి, అంతము కలసి అత్యంతమైనట్లే గదా. 'కఎర్' నుండి 'కయో', 'ఓఈర్' నుండి 'ఓయో' కూడ నిట్లే ఏర్పడినవి. బేయో వర్ణక్రమ సంస్కరణము వీనిని ముట్టలేదు. ముట్టనక్కఱయు లేదు, అక్షరము ఇచట నోటినే అనుసరించినది గనుక.

వ్యాకరణము వెలువడుటకు ముందే వర్ణక్రమ సమరము చిలీలో జరిగిపోయెను. ప్రతిపక్షనాయకుడు సార్మియెంతో. అర్హెంతీనానుండి వెడలగొట్టబడి వచ్చిన యువకుడు, ఉపాధ్యాయుల శిక్షణశాలకు అధిపతి, తరువాత 1868 లో తన దేశమునకు అధ్యక్షుడైనవాడు. 1842 లో పత్రికాముఖమున వైయాకరణులపై విరుచుకుపడుచు, ఇంతటి విద్య దేశయువకులకు భారమగుచున్నది గనుక బేయోను దేశమునుండి వెడలింపదగునన్నంత దూరము పోయెను. బేయో మాఱుపేరున ఒక జాబు వ్రాసి ఊరకుండెను. మఱుసటి యేట ఈ సార్మియెంతోయే విశ్వవిద్యాలయపు సభలో వర్ణక్రమ సంస్కరణ పత్రమును చదివెను. అది బేయో సూచనలకంటెను తీవ్రము. అమెరికాలో ఎవ్వరును స్పెయినువారివలె 'జెడ్' ను పలుకరు గనుక ఆ యక్షరమునే వర్ణమాలనుండి తీసివేసి ఎల్లెడల 'ఎస్' వ్రాయవలెనని ఆతని వాదము. అట్లు వ్రాసినను 'క్రుసార్', 'క్రుసే' ల చిక్కు తీరును, నిజమే. కాని దానితో స్పెయినుకును అమెరికాకును పుస్తకబంధము తెగును.

ఇచ్చటనే బేయో హృదయములో నుండిన భయము పైకి వచ్చును. రోము సామ్రాజ్యము కూలిన పిదప లాటిను చీలి పలుభాష లైనట్లు, స్పెయిను సామ్రాజ్యము కూలిన పిదప స్పానిషు కూడ దేశమున కొకటిగా చీలిపోవునేమో యని ఆయన బెంగ. వ్యాకరణము వ్రాసినదే ఆ చీలికను ఆపుటకు. అమెరికనుల వాడుకలకు గౌరవ మీయవలెను, కాని సముద్రమున కిరువైపులనున్నవారు ఒకరి నొకరు చదువుకొనగలుగవలెను. అక్షరములను సులభము చేసినచో పేదవాని బిడ్డకు మేలు. తక్కిన దేశములు వెంట రానిచో ఆ బిడ్డయే ఇతరుల పుస్తకము చదువజాలక ఒంటరి యగును. ఈ రెండింటి నడుమ ఆయన నిలువవలసి వచ్చెను.

1844 లో విశ్వవిద్యాలయ సభ సార్మియెంతో పత్రమును త్రోసి, మితమైన మార్పులను మాత్రమే అంగీకరించెను. బేయో తన పత్రికలో వానిని సమర్థించెను. అదే 1844 లో స్పెయినులో రాణి రెండవ ఇసబెల్ ప్రభుత్వము భాషాపరిషత్తు వర్ణక్రమమునే బడులలో నేర్పవలెనని ఆజ్ఞాపించెను. మాద్రిదు నగరపు ఉపాధ్యాయులు కొందఱు అంతకుముందే సులభ వర్ణక్రమమును బోధింప మొదలిడిరి. ఆ యాజ్ఞ వారిని ఆపుటకే. దానితో ఆ దేశమున ద్వారము మూతపడెను. చిలీలో అంగీకరించిన మార్పులలోను పెక్కు కొలది యేండ్లలోనే జాఱిపోయెను. జనులు పలుకని 'ఎచ్' ను విడువలేదు. 'క్యు' ప్రక్కనున్న మూగ 'యు' ను విడువలేదు. నిలిచినవి ముఖ్యముగా రెండు. ఎ, ఇ లకు ముందు హకారధ్వనికి 'జి' బదులు 'జె'. అచ్చుగా పలుకు 'వై' బదులు 'ఐ'. మొదటిదానివలన 'ప్రొతెహెర్', 'ప్రొతెహో', అనగా రక్షించుట, రక్షించుచున్నాను అను రూపములు రెండును ఒకే యక్షరముతో వ్రాయబడెను. రెండవది చిలీ పుస్తకమున ప్రతి పుటయందును కనబడెడిది. ఏలనన స్పానిషులో 'మఱియు' అను అర్థము గల మాట ఒంటి 'వై' యే. చిలీలో అది ఒంటి 'ఐ' అయ్యెను. ఆ భూతకాలపు మూడు క్రియలకు మాత్రము విముక్తి కలుగలేదు.

ఆయనను కాదన్న స్పెయినే ఆయనను గౌరవించెను. భాషాపరిషత్తు 1851 లో బేయోను గౌరవసభ్యునిగా ఎన్నుకొనెను. 1865 అక్టోబరు 15 న సాంతియాగో నగరమున ఎనుబది మూడేండ్ల వయస్సున బేయో మరణించెను. 1874 లో కొలంబియా పండితుడు రుఫీనో హొసే క్వెర్వో ఆ వ్యాకరణమునకు విస్తారమైన టీక వ్రాయగా, మూలమును టీకయు కలిసి నేటివఱకు ప్రామాణికములై యున్నవి. చిలీ ఇరువదివేల పెసోల నోటుపై నున్న ముఖము బేయోది.

ఆయన పేరున పిలువబడిన వర్ణక్రమము చిలీలో ఎనుబది యేండ్లకు పైగా బ్రతికెను. ఇతర దేశము లెవ్వియు స్థిరముగ తోడు రాలేదు. బయటి పుస్తకము లొక తీరున, ఇంటి పుస్తకము లొక తీరున ఉండగా ఉపాధ్యాయులు విసిగిరి. 1927 లో చిలీ ప్రభుత్వము, అక్టోబరు 12 నుండి స్పెయిను పరిషత్తు వర్ణక్రమమునే పాటింపవలెనని ఆజ్ఞాపత్రము వెలువరించెను. నాటినుండి చిలీ పిల్లలు 'మఱియు' అను మాటను మరల 'వై' తో వ్రాయుచున్నారు. 'సకార్' కు 'సి' యును, 'సకే' కు 'క్యు', 'యు' లును ఆ దినమునకు ముందు నున్నవే, తరువాతను ఉన్నవి.